తోరు కనుమ దాటితే

మే 24

బడి ఉద్యోగం వదిలిన దగ్గర నుంచి ఇంటి లెక్కల పుస్తకం తప్ప మరేదీ రాయలేదు. అందులో పిండి, బొగ్గు, గడ్డి, పెట్రోలు ఉంటాయి. ఈ రోజు ఒక సంగతి రాయబోయి, అది ఏ పద్దు కిందికి వస్తుందో తెలియక కలం ఆపాను. అందుకే ఈ వేరే పుస్తకం.

సంగతి ఇది. రాజధాని బిష్కెక్‌లోని కంటి ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. జూన్ పదకొండు ఉదయం మా ఆయన ఎడమ కంటికి ఆపరేషను. పదో తేదీ సాయంత్రానికల్లా బిష్కెక్‌లో ఉండాలి. కుడి కన్ను కిందటి చలికాలంలోనే చీకటైపోయింది. డాక్టరమ్మ దాపరికం లేకుండా చెప్పింది. "పోయిన చూపు నేను తేలేను. ఉన్నది నిలబెట్టడానికి చూస్తాను. ఈసారి తప్పిపోతే మళ్లీ సెప్టెంబరులోనే చోటు. అప్పటికి నిలబెట్టడానికి ఏమీ మిగలకపోవచ్చు."

ఆయనకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన రొట్టె తుంచుకుంటూ విన్నాడు. తర్వాత అన్నాడు:

"తోరు దొలోన్ కనుమ దాటితే నేనూ వస్తాను. అది దాటకపోతే నేనూ ఇక్కడే."

తోరు మా కారు. ఎర్రగోధుమ రంగు గుర్రానికి పెట్టే పేరు దానికి పెట్టుకున్నాడు. నాలుగు లక్షల డెబ్బై వేల కిలోమీటర్లు తిరిగింది. చదును మీద దగ్గుతుంది, ఎత్తు చూస్తే నీరసపడుతుంది. ఈ సంగతి నాకంటే ఆయనకే బాగా తెలుసు. తెలిసే అన్నాడు.

కోడలు పెరిజాత్ చాయ్ పోస్తోంది. తల ఎత్తలేదు.

మే 25

ఊళ్లోంచి రోజూ అద్దె కార్లు బిష్కెక్ వెళ్తాయి, ముందు సీటు మాట్లాడతానన్నాను.

"ముక్కూ మొహం తెలియనివాళ్ల మధ్య మూటలా కూర్చుని పోవాలా?" అన్నాడు. "ముప్పై ఏళ్లు లారీలో ఆ కనుమ దాటినవాణ్ణి టీచరమ్మా. నన్ను ఇంకొకడు దాటించడమా?"

పెళ్లయిన కొత్తలో అందరితో పాటు తానూ టీచరమ్మా అని పిలిచాడు. ఆ పిలుపే ఉండిపోయింది.

ఇది పౌరుషం ఒక్కటే కాదు. బయలుదేరిన బండి కనుమ కింద ఆగిపోతే ఆ ప్రయాణం వద్దని అర్థమట. ఆయన తండ్రి గుర్రం విషయంలో అలాగే చేసేవాడు, ఈయన లారీ విషయంలో అలాగే చేశాడు. అలా వెనక్కి తిరిగిన రెండుసార్లూ పైన మంచు విరిగి పడిందని చెబుతాడు. ఏమీ పడని ప్రయాణాల మాట చెప్పడు.

ఆయన అన్నయ్య కంటి ఆసుపత్రికి తన కాళ్ల మీద నడిచి వెళ్లి, చెయ్యి పట్టించుకుని తిరిగొచ్చాడు. ఆ మాట ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

మే 27

తోరును ఊరి వెనక గట్టు ఎక్కించి చూడమన్నాను. నడిపింది పెరిజాత్. మా అబ్బాయి గనిలో పదిహేను రోజుల వంతుకు వెళ్తాడు కాబట్టి, చూపు బాగున్న రోజుల్లోనే ఆయన కోడలికి బండి నేర్పాడు. ఎవరికి ఏది నేర్పినా నేను తప్పులు పడతాను, ఈ పిల్ల బండి నడపడంలో మాత్రం పట్టలేకపోయాను.

గట్టు సగంలో తోరు ఆగిపోయింది. ఎద్దులా మొరాయించింది. వెనక్కి జారి వచ్చింది.

పొరుగింటి అసన్‌గాజీ గోడ మీద మోచేతులు ఆనించి చూస్తున్నాడు. "అక్కా, కార్ల బజారులో ఒక సీసా దొరుకుతుంది. పెట్రోలు ట్యాంకులో పోస్తే లోపల ఉన్న మురికంతా కడిగి పారేస్తుంది. మా బావ బండికి పోశాం, గుర్రపు పిల్లైపోయింది."

"మీ బావ బండి ఎన్నాళ్లది?"

"మూడేళ్లు."

"దీనికి ముప్పై దాటాయి. నేను అన్నేళ్లూ పిల్లలకు రసాయన శాస్త్రం చెప్పాను అసన్‌గాజీ. ఆ సీసాల్లో ఉండేది సగం కిరసనాయిలు, సగం ఆశ. ఈ ఇంట్లో ఎవరూ దాన్ని ముట్టుకోకూడదు."

చివరి మాట గట్టిగానే అన్నాను. అరుగు మీద ఆయన విన్నాడు. స్టీరింగు ముందు పెరిజాత్ విన్నది. అసన్‌గాజీ గోడ దిగి లోపలికి పోయాడు.

మే 29

ఆయన కంట్లో వేసే చుక్కల మందు కోసం నారిన్ పట్నం వెళ్లాను. కార్ల బజారు మందుల దుకాణానికి పోయే దారిలోనే ఉంది.

దారిలో లేదు. కానీ దూరమూ కాదు.

దుకాణంలో కుర్చీ మీద బోర్లా వాలి ఉన్న మనిషి లేచాడు. "చెప్పండి పెద్దమ్మా."

"పెట్రోలు ట్యాంకు శుభ్రం చేసే సీసా. చీటీ చదవనివ్వు, ముందే చుట్టేయకు."

"ఎంత తిరిగింది బండి?"

"నాలుగు డెబ్బై."

"వేలా?"

"నాలుగు లక్షల డెబ్బై వేలు."

అతను టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు, చావు కబురు విన్నట్టు. "ఏ ఊరు పెద్దమ్మా? నేనూ వచ్చి నాలుగు మాటలు చెబుతాను."

"నువ్వు చెప్పే నాలుగు మాటల్లో మూడు తప్పులుంటాయి. చీటీ ఇవ్వు."

చీటీ మీద స్పష్టంగానే ఉంది: నిండు ట్యాంకుకు ఒక సీసా. పాత బండికి కొంచెం కొంచెంగా. మూత నీలం రంగు.

కొన్నంత మాత్రాన నమ్మినట్టు కాదు.

మే 30

ప్రయోగం చేశాను. తోరు ట్యాంకు అడుగు నుంచి గొట్టంతో పెట్రోలు లాగి రెండు గాజు సీసాల్లో పోశాను. ఒకదాంట్లో నీలం మూత మందు చుక్కలు వేశాను, రెండోదాంట్లో వేయలేదు. చలికాలాల్లో బంకులు మూతపడితే డబ్బాల్లో అమ్మే పెట్రోలే ఈ బండి తాగింది. అందుకే రెండు సీసాల గోడలకూ గంటలోనే ఎర్రటి పొర పట్టింది. మందు వేసిన సీసాలో ఆ పొర రేకులు రేకులుగా విడిపోయి అడుగుకు దిగింది. గాజు శుభ్రంగా మెరిసింది.

చాలా సంతోషం వేసింది. రెండు సీసాలూ కడిగి, తుడిచి, ఊరగాయ సీసాల వెనక పెట్టాను.

మే 31

పెరిజాత్ పాలు పోయడానికి వెళ్లింది. ఆయన అరుగు మీద ఎండ కాగుతున్నాడు. పోశాను. సీసా మొత్తం. ట్యాంకు నిండుగా లేదు, సగానికి తక్కువే. వ్యవధి తక్కువున్నప్పుడు మోతాదు కాస్త పెంచడంలో తప్పు లేదు.

ఇది నమ్మకం కాదు. పరీక్ష.

జూన్ 2

తోరు గట్టు ఎక్కింది!

సగంలో ఒక్కసారి తడబడింది, అంతే. పెరిజాత్ దిగి, "అత్తయ్యా, బండి బాగుంది కదా," అంది. మొహం వెలిగిపోతోంది. నేను కూడా బాగుందన్నాను. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. ఎందుకు చూసుకోలేదో ఆ పిల్ల సంగతి నాకు తెలియదు. నా సంగతి తెలుసు.

ఆయన అరుగు మీంచి, "ఏం పెట్టారు దానికి? గొంతు మారింది," అన్నాడు.

"పెట్రోలు," అన్నాను.

"ఊఁ," అన్నాడు.

రాత్రి భోజనం దగ్గర పెరిజాత్ చేతులు కిరసనాయిలు వాసన వేశాయి. అడిగితే కొట్టం తలుపు బందులకు నూనె పెట్టానంది. చెప్పకుండానే పని కనిపెట్టి చేసే పిల్ల. ఎప్పుడైనా మెచ్చుకోవాలి.

జూన్ 4

ఆయన చాయ్‌ని గిన్నె పక్కన పోశాడు. బల్ల తుడిచాను.

జూన్ 5

ఈ రోజూ అంతే. బల్ల తుడిచాను. గిన్నె ఇకమీద నేనే చేతికి అందిస్తాను.

జూన్ 6

అసన్‌గాజీ వచ్చి ఆయనతో గుసగుసలాడాడు. నేను వెళ్లేసరికి ఇద్దరూ గొర్రెల గురించి మాట్లాడుతున్నారు. సాయంత్రం ఆయన, "నన్ను కాసేపు తోరులో కూర్చోబెట్టు, ఊరికే," అన్నాడు. చెయ్యి పట్టి తీసుకెళ్లి కూర్చోబెట్టాను. నేను కావాలంటే హారన్ కొట్టమని లోపలికి వచ్చాను. చాలాసేపటికి కొట్టాడు. ప్యాంటు మీద పెట్రోలు మరక. తలుపు తెరుస్తుంటే అంటుకుందన్నాడు. ఆ బండి తలుపుకు పెట్రోలు ఎక్కడిది? అడగలేదు. చూపు ఆనని మనిషి, ఎక్కడో తగిలి ఉంటుంది.

ఆయన ఆ బండిలో కూర్చుని ఏం కోరుకున్నాడో నాకు తెలుసు. అది దాటకూడదని. అక్కడ ఆగిపోవాలని. ఆగితే ఎవరి తప్పూ కాదు కదా, ఆపరేషను తప్పిపోతుంది, ఇంట్లో ఉండిపోవచ్చు. ఆయన మీద కోపం వచ్చింది. రాత్రి ఆ ప్యాంటే ఉతికాను.

జూన్ 8

చదును మీద తోరు రెండుసార్లు ఎగిరెగిరి పడింది. పెట్రోలు బాగా లేదు. ఎవరో కల్తీ చేశారు. బయటి బంకులో పోయించుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాలి.

జూన్ 9

రేపు బయలుదేరాలి.

పెరిజాత్ దారికని బోర్సోక్ పిండి ముక్కలు వేయించింది, గుప్పెడంత ఎండుపెరుగు ఉండలు మూటకట్టింది. దిష్టి పోవాలని జునిపెరు కొమ్మలు నిప్పు మీద వేసి ఆ పొగను తోరు చుట్టూ తిప్పింది. కిటికీలు తెరిచి లోపల కూడా. ఇంకెప్పుడైనా అయితే పొగతో ఇంజను బాగుపడదని చెప్పేదాన్ని. ఈ రోజు చెప్పలేదు. డిక్కీ కూడా తెరవమన్నాను.

ఆయన రెండు చేతులు తెరిచి దీవించాడు. ముందు పెరిజాత్‌ను, తర్వాత నన్ను, తర్వాత తోరును. తనను దీవించుకోవడం మర్చిపోయాడు. నేను దీవెన ఫలించాలని ఓమిన్ అని మొహం తడుముకున్నాను, ఆయన కోసం ఇంకోసారి లోపల అనుకున్నాను.

ఫోనులో మా అబ్బాయి, "అమ్మా, అద్దె కారు ఎక్కండి, ఆ డొక్కు ఎందుకు," అన్నాడు. ఆయన పక్కనే ఉండటంతో "సరేలే" అని పెట్టేశాను.

జూన్ 10, బిష్కెక్, మా చెల్లెలి ఇల్లు, సాయంత్రం

చాలా రాయాలి. వరసగా రాస్తాను.

తెల్లవారుతుండగా బయలుదేరాం. నారిన్ దాటేదాకా తోరు సద్దు లేకుండా వెళ్లింది. నేను వెనక సీట్లో ఆయన మెడనే చూస్తూ కూర్చున్నాను. ముందు సీట్లో ఆయన రెండు చేతులూ స్టీరింగు పట్టుకున్నట్టే ఎదుటి బల్ల మీద పెట్టుకుని ఇంజను వింటున్నాడు. కనుమ ఎక్కడం మొదలైంది. మొదటి మలుపు. రెండోది. పక్క గట్ల మీద ఇంకా మంచు ఉంది.

మూడో మలుపులో లాగుడు తగ్గింది. పెరిజాత్ గేరు దించింది. ఇంజను వణికి, ఎవరో గొంతు పట్టుకున్నట్టు ఆగిపోయింది.

నేను దిగి వెనక చక్రం కింద రాయి పెట్టాను.

"ఆగింది," అన్నాడు ఆయన.

కాసేపటికి పెరిజాత్ తాళం తిప్పింది. అంటుకుంది. ఎక్కాం. మళ్లీ ఆగింది. మళ్లీ రాయి. మళ్లీ కాసేపటికి అంటుకుంది. ఇలా ఎన్నిసార్లో. ప్రతిసారీ కొత్త రాయి వెతకడం ఇష్టం లేక దాన్నే ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను, బట్టలు మాసిపోయినా.

చివరికి ఆయన మెల్లగా అన్నాడు. "పెరిజాత్, వెనక్కి తిప్పమ్మా."

నేను ఒళ్లోని రాయిని గట్టిగా పట్టుకున్నాను.

కోడలు మామ మాట కాదనదు. మా ఇంట్లోనే కాదు, మా ఊళ్లో ఎవరింట్లోనూ. పెరిజాత్ రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చుంది.

"తిప్పలేను మామయ్యా."

"ఏం?"

"తప్పు తోరుది కాదు. నాది." కళ్లు తుడుచుకుంది. "అత్తయ్య వద్దన్నా వినకుండా సీసా పోశాను. మా తమ్ముడితో నారిన్ నుంచి తెప్పించాను. తోరు గట్టు ఎక్కిన రోజే పోసి, తలుపు బందులకు నూనె అని అబద్ధం చెప్పాను. మీరు వెళ్లాలని పోశాను మామయ్యా. దానివల్లే పాడైనట్టుంది. ఈ ప్రయాణం వద్దన్నది దేవుడు కాదు. నేను."

"ఏ సీసా?" అన్నాను.

"నీలం మూతది అత్తయ్యా."

ఈ వయసు దాకా నాకు ఇంత సిగ్గు ఎప్పుడూ వేయలేదు.

"నేనూ పోశాను," అన్నాను. "నీకంటే ముందు."

పెరిజాత్ గిర్రున తిరిగింది. "మీరా? మీరు... అత్తయ్యా, మీరు సగం కిరసనాయిలు, సగం ఆశ అన్నారు కదా!"

"అన్నాను."

"ఎవరూ ముట్టుకోకూడదన్నారు!"

"అదీ అన్నాను. ఇప్పుడు పాఠం అప్పజెప్పకు."

ఆయన చపాన్ కోటు జేబులో చెయ్యి పెట్టి ఏదో తీసి అరచేతిలో పెట్టుకుని మా వైపు చాపాడు. సీసా మూత.

"ఇది ఏ రంగు?"

వంగి చూశాను. "నీలం."

"సీసా తెచ్చిచ్చి అసన్‌గాజీ ఎర్రది అన్నాడు, దొంగ వెధవ," అన్నాడు ఆయన. "నువ్వు నన్ను తోరులో కూర్చోబెట్టి లోపలికి పోయిన సాయంత్రం పోశాను. వాసన చూసి ట్యాంకు మూత కనిపెట్టాను. సగం ట్యాంకులో, సగం ప్యాంటు మీద."

"నువ్వెందుకు పోశావయ్యా?" అన్నాను. గొంతు పెద్దదైంది, నాకు అంతకంటే వేరే గొంతు లేదు. "ఇది దాటకపోతే రానన్నది నువ్వు కాదూ?"

"ఎందుకేమిటి టీచరమ్మా. దాటాలని."

"మరి ఆ షరతు?"

"షరతు పెట్టిన రోజు దాటదనే పెట్టాను. ఆ తర్వాత ఒక పొద్దున లేస్తే కిటికీ ఎక్కడుందో కనపడలేదు. కాసేపటికి కనపడింది. ఆ కాసేపట్లో..." మూత మళ్లీ జేబులో వేసుకున్నాడు. "దాటాలనిపించింది. అంతే. అన్న మాట వెనక్కి తీసుకోవడం రాదు నాకు. సీసా పోయడం వచ్చు."

ఇన్ని రోజులూ ఆయన ఆ కారులో కూర్చుని ఏం కోరుకున్నాడో నాకు తెలుసనుకున్నాను. పుస్తకంలో రాసుకున్నాను కూడా. వెనక్కి తిప్పి ఆ పేజీ చూశాను ఇప్పుడే. కొట్టేయలేదు. ఉండనీ.

అప్పుడు సంగతి అర్థమైంది. సగం కూడా లేని ట్యాంకులో ఇంచుమించు రెండున్నర సీసాలు. ఇన్నేళ్ల డబ్బా పెట్రోలు ట్యాంకు గోడలకు పట్టించిన పొర అంతా ఒక్కసారే ఊడి వచ్చి, పెట్రోలు పీల్చే పంపు కింద జల్లెడకు అడ్డం పడుతోంది. ఇంజను గట్టిగా లాగితే ఆ మురికి జల్లెడకు అంటుకుంటుంది, ఊపిరి ఆగుతుంది. బండి ఆగితే మురికి అడుగుకు జారుతుంది, మళ్లీ కాస్త ఊపిరి ఆడుతుంది. నా గాజు సీసాలో చూశాను కదా ఆ రేకులు. కడిగిన మురికి ఎక్కడికి పోతుందని ప్రతి ఏడూ తరగతిలో పిల్లలను అడిగేదాన్ని. ఈ ఏడు నన్ను నేను అడగలేదు.

ఇదంతా వాళ్లిద్దరికీ చెప్పాను.

"టీచరమ్మ పాఠం మొదలెట్టింది," అన్నాడు ఆయన పెరిజాత్‌తో. "ఇక తోరు దానంతటదే ఎక్కుతుంది, తప్పించుకుపోవడానికి."

పెరిజాత్ ఏడుస్తూనే నవ్వింది.

వెనక్కి తిప్పమని ఆయన మళ్లీ అనలేదు. ఊపిరి పీల్చుకోనిస్తూ, కొంచెం ఎక్కిస్తూ, రాయి పెడుతూ వెళ్లాం. కనుమ శిఖరం కనిపించే చోట బ్యాటరీ కూడా అయిపోయింది. తాళం తిప్పితే టిక్కుమంది, అంతే.

రోడ్డు పక్కన గుడారం ముందు గుర్రపు పాల కుమిస్ అమ్మే ఆవిడ బాటిళ్లు వరస పెట్టుకుని ఉంది. మా వెనక బిష్కెక్ వెళ్లే చిన్న బస్సు వచ్చి ఆగింది. డ్రైవరు దిగి సంగతి తెలుసుకున్నాడు. "ఒక సీటుంది. పెద్దాయనను ఎక్కించండి, నేను ఆసుపత్రి గుమ్మంలోనే దింపుతాను. మీరు ఎలాగో రండి."

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. "ఎక్కు. ఈ కారుకు ఏమైనా కానీ, నువ్వు ఎక్కు."

ఆయన దిగాడు. తోరు కప్పు మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు. ఇప్పుడు కాదంటాడనుకున్నాను. అంటే ఏం చేయాలో నాకు తెలియలేదు. రెండు చేతులతో పట్టుకుని బస్సులోకి తోసేద్దామా అని కూడా అనుకున్నాను.

"శిఖరం ఎంత దూరం?" అన్నాడు.

"ఆ గుర్తు రాయి కనపడుతోంది. రెండు వందల అడుగులుంటుంది," అన్నాడు డ్రైవరు.

"తోరు దాటాలన్నాను," అన్నాడు ఆయన. "ఇంజను నడవాలనలేదు. ఇంత మంది ఉన్నారు. తోయండి."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అందరికంటే ముందు అర్థమైంది కుమిస్ ఆవిడకు. బస్సు కిటికీల వైపు తిరిగి అరిచింది. "దిగండి, దిగండి! కుమిస్ అంటే ముందు పరుగెత్తుకొస్తారు, తోయమంటే నడుములు నొప్పా? ఓ టై కట్టుకున్నాయనా, ఆ టై తీసి జేబులో పెట్టు, చేతులు ఇటివ్వు!"

దిగారు. పదిమంది పైగా. పెరిజాత్ స్టీరింగు పట్టుకుంది. ఆయన వెనక వచ్చి డిక్కీ మీద రెండు చేతులూ ఆనించాడు. నేను వద్దు అనబోయాను. అనలేదు. పక్కన నిలబడి నేనూ తోశాను. ఆయన తెల్ల కల్పాక్ టోపీ కిందికి జారి కళ్ల మీద పడింది. దానివల్ల ఆయనకు కొత్తగా వచ్చిన ఇబ్బంది ఏమీ లేదు కాబట్టి అలాగే ఉంచేశాడు.

"ఎంత వచ్చాం?" అని రెండు అడుగులకొకసారి అడిగాడు.

"తోయి," అన్నాను ప్రతిసారీ.

గుర్తు రాయి దాటాం. బండి తనంతట తాను కదలడం మొదలెట్టగానే పెరిజాత్ బ్రేకు వేసింది. అందరం ఆగాం. అలవాటు ప్రకారం అందరూ చేతులు తెరిచారు. ఆయనను దీవించమన్నారు. "దారి తెల్లగా, శుభంగా ఉండాలి," అన్నాడు ఆయన, "నెట్టిన చేతులకు ఎప్పుడూ ఎవరిచేతా నెట్టించుకునే అవసరం రాకూడదు." ఓమిన్ అని అందరూ మొహాలు తడుముకున్నారు. టై కట్టుకున్నాయన కూడా.

"దాటిందా?" అని ఆయన నన్ను అడిగాడు, నెమ్మదిగా.

"దాటింది."

"అయితే వస్తాను."

బస్సులో సీటు వద్దన్నాడు. పల్లం కాబట్టి రెండో గేరులో పెట్టి బ్రేకు వదలగానే ఇంజను అంటుకుంది. పల్లంలో దానికి లాగే పని లేదు, కొంచెం పెట్రోలు చాలు. బస్సు మా వెనకాలే, గొర్రెల మందను చూసుకునే కుక్కలా, కనుమ కింది సారీ-బులాక్ ఊరి దాకా వచ్చింది.

అక్కడ ఆయన డిక్కీ అడుగున ఉన్న గుండ్రటి మూతను వేళ్లతో వెతికి పట్టుకున్నాడు. "పెరిజాత్, ఎడమకు తిప్పు. గొట్టం లాగకు, పక్కకు వంచు. ఆఁ, ఇప్పుడు పైకి." పంపు బయటికి వచ్చింది. జల్లెడ మట్టి ముద్దలా ఉంది. టైర్ల దుకాణం అతను శుభ్రమైన పెట్రోలు ఒక డబ్బాలో ఇస్తే నేను బ్రష్షుతో కడిగాను. పాత పెట్రోలంతా తీసేసి కొత్తది పోయించాం.

"ఏ రంగులో ఉంది?" అని ఆయన అడిగాడు.

"నీళ్లలో తుప్పు నానినట్టు. ఎక్కువసేపు మరిగిన చాయ్ రంగు."

"నాకిప్పుడు అన్నీ ఆ రంగే," అన్నాడు. ఫిర్యాదులా కాదు. నేను అడిగి ఉంటే ఎప్పుడో చెప్పేవాడు.

ఆ తర్వాత తోరు ఎక్కడా ఆగలేదు.

చెల్లెలు మంచం వేసింది. ఆయన నిద్రపోయాడు. నిద్రలో కూడా కుడి కాలు కదులుతోంది, బ్రేకు మీద ఉన్నట్టు. పెరిజాత్ వంటింట్లో చెల్లెలితో మాట్లాడుతోంది, నేను విన్నాను: "అత్తయ్య కూడా పోశారట పిన్నీ!" అని. నవ్వుతోంది. నవ్వనీ.

ఇకమీద జరగవలసినవి:

1. రేపు ఉదయం ఆయనకు ఏమీ పెట్టకూడదు, నీళ్లు కూడా. ఏడింటికి ఆసుపత్రిలో ఉండాలి. చుక్కల మందు వేసి తీసుకెళ్లాలి.

2. లోపలికి తీసుకెళ్లే ముందు ఆయన చెయ్యి పట్టుకోవాలి. ఏం చేయాలో చెప్పకూడదు.

3. పెరిజాత్ తోరును ఇక్కడ నమ్మకమైన చోట చూపించి ట్యాంకు విప్పి కడిగించాలి, కొత్త జల్లెడ వేయించాలి. సీసాలు వద్దు. ఎవరైనా సీసా పోయాలనుకుంటే మిగతా ఇద్దరికీ ముందు చెప్పాలి. నేను కూడా.

4. ఇదంతా మా అబ్బాయికి నేనే ఫోను చేసి చెప్పాలి, అసన్‌గాజీ చెప్పకముందే. నీలం మూత సంగతితో సహా.

5. పెరిజాత్‌ను మెచ్చుకోవాలి. వాయిదా వేయకూడదు. నాలుగో పని తర్వాత కాదు, ఈ రాత్రే.

6. కట్టు విప్పాక ఏం కనిపిస్తోందని నేను అడగకూడదు. ఆయనే చెప్పేదాకా ఆగాలి. ఏం చెప్పినా సరిదిద్దకూడదు.

7. తిరుగు ప్రయాణంలో దొలోన్ మీద గుర్తు రాయి దగ్గర ఆగాలి. మంచు ఎంత కిందికి ఉందో ఆయన చెప్పాలి. చెప్పలేకపోతే నేను చెప్పాలి, రంగులతో సహా, ఆయన అడగకముందే.